‘ఖాతమ్’ అంటే ముద్రా, ముగింపా? 33:40 మీద తొలితరాల అవగాహన

1. నల్లమల_చదువరి

అందరికీ సలాం, నమస్కారం. ఖుర్ఆన్ 33వ సూరా (అధ్యాయం; పేరు అల్ అహ్‌జాబ్) 40వ ఆయతులో (వాక్యంలో) ముహమ్మద్ ప్రవక్తను ‘ఖాతమన్నబియ్యీన్’ అన్నారు. తెలుగులో కొందరు దీన్ని ‘ప్రవక్తల ముద్ర’ అంటున్నారు, కొందరు ‘చిట్టచివరి ప్రవక్త’ అంటున్నారు. రెండూ ఒకటేనా? ఒకటి కాకపోతే, ‘చివరివాడు’ అన్న అర్థం ఆ తరంలోనే ఉందా, లేక తర్వాతి పండితులు స్థిరపరిచిందా? ప్రవక్త భార్య ఆయిషా గారు ‘ఖాతమన్నబియ్యీన్ అనండి, ఆయన తర్వాత ప్రవక్త లేడని మాత్రం అనకండి’ అన్నారని ఒక మాట తిరుగుతోంది. దాని సంగతి కూడా ఎవరైనా విడమరచి చెప్పగలరా?

2. సర్ఫ్‌నహ్వ్

మాట దగ్గర మొదలుపెడదాం. సగం గందరగోళం అక్కడే ఉంది.

ధాతువు ఖ-త-మ. తెలంగాణ వాడుకలో ‘పని ఖతం’ అంటాం కదా, ఉర్దూ మీదుగా వచ్చిన ఆ మాటదీ ఇదే ధాతువు. అందుకే మన చెవికి ‘ఖాతమ్’ అనగానే ‘ముగింపు’ అని వినిపిస్తుంది. ఖుర్ఆన్‌లో మాత్రం ఈ ధాతువు ఎక్కువగా ‘ముద్ర వేసి మూయడం’ అనే అర్థంలో వస్తుంది. 2:7లో హృదయాల మీద ముద్ర, 36:65లో నోళ్ల మీద ముద్ర. 83:25-26లో స్వర్గవాసులకిచ్చే పానీయం ‘మఖ్తూమ్’, అంటే సీలు వేసినది. దాని ‘ఖితామ్’ కస్తూరి. ఆ చివరి మాటను కొందరు ‘దాని సీలు కస్తూరి’ అని, కొందరు ‘దాని ఆఖరి గుక్కలో కస్తూరి వాసన’ అని వివరించారు. ఒకే మాటకు సీలు, ఆఖరు రెండూ పలుకుతున్నాయంటే 33:40లోనూ అదే జరుగుతోందని ఊహించవచ్చు.

ఇక పఠనభేదం. తెలుగు లిపి ఇక్కడ బాగా పనికొస్తుంది: ఖాతమ్ (త), ఖాతిమ్ (తి). ఖుర్ఆన్‌ను పలికే ఏడు ప్రసిద్ధ పఠనాల్లో కూఫాకు చెందిన ఆసిమ్ ఒక్కరే ‘ఖాతమ్’ అని చదివారు. మిగతా ఆరుగురు, అంటే నాఫిఅ్, ఇబ్న్ కసీర్, అబూ అమ్ర్, ఇబ్న్ ఆమిర్, హమ్‌జా, కిసాయీ, ‘ఖాతిమ్’ అనే చదివారు. మన దగ్గర ముద్రణలన్నీ ఆసిమ్ శిష్యుడు హఫ్స్ పఠనం ప్రకారం ఉంటాయి గనుక ‘ఖాతిమ్’ మనకు కనిపించదు. మొరాకోలో, అల్జీరియాలో వాడే వర్ష్ పఠనపు ప్రతి తెరిస్తే కనిపిస్తుంది.

‘ఖాతమ్’ పరికరం పేరు: తాబఅ్ (అచ్చు), ఖాలబ్ (మూస) అన్న మాటల అచ్చులోనే పోసింది. ముద్ర, ముద్ర ఉంగరం అని అర్థం. ‘ఖాతిమ్’ కర్తృవాచకం: ముద్ర వేసేవాడు, ముగించేవాడు. ‘ముద్ర అంటే అలంకారం, శ్రేష్ఠత మాత్రమే’ అని వాదించేవారు ఈ ఆరుగురి పఠనాన్ని ఎలా సర్దుతారో కూడా చెప్పాలి. సాధారణంగా దాని ఊసే ఎత్తరు.

3. హిజ్రీ_11

> ముద్ర, ముద్ర ఉంగరం

ఆ ఉంగరం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ‘ముద్ర’ అన్న మాట మదీనా జనానికి ఎలా వినిపించి ఉంటుందో దాన్నుంచే తెలుస్తుంది.

బుఖారీ హదీసు సంకలనంలో (హదీసు అంటే ప్రవక్త మాటలు, చేతల నివేదన) ఉంది: రూమీ (బైజాంటైన్) పాలకుడికి లేఖ రాయబోతే ‘ముద్ర లేని లేఖను వాళ్లు చదవరు’ అని చెప్పారు. అప్పుడు ప్రవక్త వెండి ఉంగరం చేయించారు. దాని మీద మూడు వరుసలు: ముహమ్మద్, రసూల్ (దూత), అల్లాహ్, వరుసకొక మాట. ఆయన తర్వాత అది మొదటి ముగ్గురు ఖలీఫాలు అబూబక్ర్, ఉమర్, ఉస్మాన్ చేతుల్లోకి వెళ్లింది. ఉస్మాన్ కాలంలో మదీనాలోని అరీస్ బావిలో పడిపోయింది. మూడు రోజులు నీళ్లు తోడి వెదికినా దొరకలేదు.

లేఖకు సీలు వేసే పద్ధతి చూడండి. రాయడం పూర్తవ్వాలి, మడవాలి, కట్టాలి, కట్టు మీద తడిమట్టి ముద్ద పెట్టి ఉంగరంతో నొక్కాలి. ఒకప్పటి మన రిజిస్టర్ పోస్టు మీద లక్క సీలు లాంటిదే. ఆ సీలు రెండు పనులు చేస్తుంది. ‘ఇది ఫలానావారిదే’ అని ధ్రువీకరిస్తుంది; ‘ఇక ఇందులో ఏదీ చేర్చడానికి లేదు’ అని మూసేస్తుంది. సగం రాసిన లేఖకు ఎవరూ సీలు వేయరు. కాబట్టి ‘ధ్రువీకరణా, ముగింపా’ అని రెండుగా చీల్చడం ఈ కాలపు అలవాటు.

ఆయతు సందర్భం కూడా వదలకూడదు. మొదటి వాక్యం ‘ముహమ్మద్ మీ పురుషులలో ఎవరికీ తండ్రి కాడు’. జైద్ ఇబ్న్ హారిసా ఆయన పెంపుడు కొడుకు. జైద్ విడాకులిచ్చిన జైనబ్ బిన్త్ జహ్ష్‌తో ప్రవక్త వివాహం గురించి 33:37 మాట్లాడుతుంది. పెంచుకున్నవాళ్లను వాళ్ల అసలు తండ్రుల పేర్లతోనే పిలవమని 33:5. ఆ వరుసలో వచ్చిందే 40వ ఆయతు. తండ్రి కాడు, కానీ రసూల్, ఖాతమన్నబియ్యీన్. కొడుకు లేకపోవడానికీ ప్రవక్తల వరుస ముగియడానికీ ముడి ఏమిటన్న ప్రశ్న తొలి వ్యాఖ్యాతలనూ పట్టుకుంది. హిజ్రీ 150లో (767) చనిపోయిన ముఖాతిల్ ఇబ్న్ సులైమాన్ ‘ముహమ్మద్‌కు కొడుకే ఉంటే అతడు ప్రవక్త అయ్యేవాడు’ అని వివరించారు. ఇబ్రాహీం, యాఖూబ్, దావూద్ ఇళ్లలో ప్రవక్త పదవి కొడుకులకు దక్కిన పద్ధతి ఆయన మనసులో ఉందన్నమాట.

4. సనద్

హదీసుల వైపు నేను చెబుతాను. అందరూ ఒకే బస్తాలో పోసే రివాయతులను (నివేదనలను) విడదీయాలి.

గట్టి గొలుసుతో (ఒకరి నుంచి ఒకరు చెప్పుకొచ్చినవారి వరుసతో) వచ్చినవి ముందు. బుఖారీ, ముస్లిం అనే సంకలనాలు రెండింటిలోనూ ఉన్న ఇటుక ఉపమానం: ఒకడు ఇల్లు కట్టాడు, అందంగా తీర్చాడు, ఒక మూల ఒక్క ఇటుక ఖాళీ వదిలాడు. జనం చుట్టూ తిరిగి చూసి ‘ఈ ఒక్క ఇటుకా పెట్టి ఉంటే’ అంటున్నారు. ‘ఆ ఇటుకను నేనే, ఖాతమన్నబియ్యీన్ నేనే.’ ‘ఖాతమ్’ అన్న మాటకు హదీసులోనే దొరికే వివరణ ఇది. ఇల్లు పూర్తయింది, ఖాళీ లేదు.

రెండోది హిజ్రీ 9లో (630) తబూక్ యాత్ర సందర్భం. అల్లుడు అలీని మదీనాలో ఉంచి వెళ్తూ ప్రవక్త ‘మూసాకు హారూన్ ఎలాగో నాకు నువ్వు అలాగ, అయితే నా తర్వాత ప్రవక్త లేడు’ అన్నారు (మూసా, హారూన్ అంటే మోషే, అతని అన్న అహరోను). సఅద్ ఇబ్న్ అబీ వఖ్ఖాస్ రివాయతు. దీని బలం ఎక్కడుందంటే, షియాలు అలీ స్థానానికి ఆధారంగా దీన్నే చూపుతారు, సున్నీలు తమ ప్రామాణిక గ్రంథాల్లోనే ఉంచారు. నాయకత్వం మీద తగువు పడ్డ ఇద్దరూ ‘నా తర్వాత ప్రవక్త లేడు’ అన్న తోకను మాత్రం కత్తిరించలేదు.

మూడోది అబూ హురైరా రివాయతు: ప్రవక్తత్వంలో ఇక మిగిలేవి ‘ముబష్షిరాత్’ మాత్రమే, అంటే విశ్వాసికి వచ్చే మంచి కలలు. నిజమైన కల ప్రవక్తత్వంలో 46వ భాగం అన్న హదీసు దీనికి జోడు. 46 ఎందుకంటే, వహీ (దైవవాణి) కాలం 23 ఏళ్లు, అందులో మొదటి 6 నెలలు కలల రూపంలో వచ్చింది, ఆ లెక్కన 46లో 1 అని కొందరు వ్యాఖ్యాతలు గుణించారు. అయితే ముస్లిం సంకలనంలోనే 45, 70 అన్న అంకెలూ ఉన్నాయి. అందుకని ఆ గుణకారాన్ని గట్టి పునాదిగా తీసుకోవద్దు.

బలహీనమైనవి ఇక. ‘ఇబ్రాహీం బతికి ఉంటే ప్రవక్త అయ్యేవాడు’ అని ఇబ్న్ మాజా సంకలనంలో ఉంది. ఈ ఇబ్రాహీం మారియా వల్ల ప్రవక్తకు కలిగిన కొడుకు, పసివాడుగానే చనిపోయాడు. ఈ గొలుసులో ఇబ్రాహీం ఇబ్న్ ఉస్మాన్ అనే రావీ (నివేదకుడు) ఉన్నాడు. విమర్శకులు అతణ్ణి తోసిపుచ్చారు. బుఖారీలో ప్రవక్త సహచరుడు ఇబ్న్ అబీ ఔఫా అన్న మాట వేరు: ‘ముహమ్మద్ తర్వాత ప్రవక్త ఉండాలని రాసిపెట్టి ఉంటే ఆయన కొడుకు బతికేవాడు, కానీ ఆయన తర్వాత ప్రవక్త లేడు.’ మొదటిదాన్ని ‘ద్వారం తెరిచే ఉంది’ అనడానికి వాడతారు. రెండోది ద్వారం మూసిందనే చెబుతోంది. ఎవరైనా ‘ఇబ్రాహీం హదీసు’ అంటే ఏ మాటలతో, ఏ గ్రంథంలో అని ముందు అడగండి.

5. కృష్ణాతీరం

రెండు పక్కలా చూడాలి కాబట్టి చరిత్రకారులు లేవనెత్తిన అభ్యంతరాలు పెడుతున్నాను.

‘ప్రవక్తల ముద్ర’ అన్న పోలిక ఇస్లాంకు ముందే ఉంది. క్రైస్తవ రచయిత టెర్టులియన్ దానియేలు గ్రంథం 9:24లోని ‘దర్శనానికీ ప్రవక్తకూ ముద్ర వేయడం’ అన్న మాటను పట్టుకుని క్రీస్తును ప్రవక్తలందరి ముద్ర అన్నాడు. 3వ శతాబ్దంలో మానీయ మతాన్ని స్థాపించిన మానీ తనను ప్రవక్తల ముద్రగా చెప్పుకున్నాడని అల్ బీరూనీ లాంటి ముస్లిం రచయితలు రాశారు. మానీయుల సొంత గ్రంథాల్లో ఆ మాట ఇదే అర్థంలో ఉందా అన్నది మాత్రం తేలని వివాదం. ఈ వాడుకల్లో ముద్ర అంటే ‘పూర్వ ప్రవచనాలు ఇతడిలో నెరవేరాయి, ధ్రువపడ్డాయి’ అన్న ఛాయ ఎక్కువ.

పరిశోధకుడు యోహానన్ ఫ్రీడ్‌మన్ ఈ దారిలోనే, ‘చివరివాడు’ అన్న అర్థం గెలిచి స్థిరపడింది గానీ మొదట్లో అదొక్కటే అవగాహన అనడానికి లేదని వాదించారు. డేవిడ్ పవర్స్ 2009లో ఇంకా ముందుకెళ్లి, 40వ ఆయతే ప్రవక్త మరణం తర్వాత చేరిందన్నారు. ఈ రెండోదాన్ని చాలామంది పరిశోధకులు ఒప్పుకోలేదు. మొదటిదాన్ని మాత్రం తేలిగ్గా తీసేయలేం.

6. హిజ్రీ_11

ఫ్రీడ్‌మన్ ప్రశ్న న్యాయమైనదే. దానికి 2014లో ఉరి రూబిన్ ఇచ్చిన జవాబు కూడా పక్కన పెట్టి చూడండి. ముగింపు అన్న అర్థం తొలినాటిదే అని ఆయన చూపారు. హునైన్ యుద్ధ సందర్భంలో అబ్బాస్ ఇబ్న్ మిర్దాస్ పద్యం ‘యా ఖాతమన్నుబఆ’ (ఓ ప్రవక్తల ముద్రా) అని మొదలవుతుంది. మదీనా బయటి సులైమ్ తెగ కవి నోట ఆ బిరుదు పలికిందన్నమాట.

నాకు అన్నిటికంటే పెద్ద సాక్ష్యం హిజ్రీ 10-12 మధ్య జరిగినది. తామూ ప్రవక్తలమంటూ ఒకేసారి నలుగురు లేచారు: యెమన్‌లో అల్ అస్వద్ అల్ అన్సీ, యమామాలో బనూ హనీఫా తెగ ముసైలమా, అసద్ తెగ తులైహా, తమీమ్ తెగ సజాహ్ అనే స్త్రీ. అస్వద్‌ను ప్రవక్త మరణానికి కొద్ది ముందు ఫీరూజ్ దైలమీ, అతని తోటివారు చంపారు. తులైహా బుజాఖా దగ్గర ఓడాడు. తర్వాత ఇస్లాంలోకి తిరిగొచ్చి ఖాదిసియ్యా యుద్ధంలో ముస్లిముల పక్షాన పోరాడాడు. సజాహ్ కూడా చివరికి ఇస్లాంలోకి వచ్చిందనే చెబుతారు.

ముసైలమా విషయం వేరు. అతను ముహమ్మద్ ప్రవక్తను కాదనలేదు. అతని లేఖ మొదలే ‘అల్లాహ్ ప్రవక్త ముసైలమా నుంచి అల్లాహ్ ప్రవక్త ముహమ్మద్‌కు. ఈ విషయంలో నన్నూ భాగస్వామిని చేశారు, భూమిలో సగం మాది, సగం ఖురైష్‌ది’ (ఖురైష్ ప్రవక్త తెగ). అంటే ‘నువ్వూ ప్రవక్తవే, నేనూ’ అన్న ప్రతిపాదన. దాన్ని ఒప్పుకోకపోవడమే కాదు, తెచ్చిన దూతలతో ‘దూతలను చంపకూడదన్న నియమం లేకపోతే మీ తలలు తీయించేవాణ్ణి’ అన్నారు ప్రవక్త. తర్వాత యమామా యుద్ధం. ముసైలమా హతుడయ్యాడు. ముస్లింలలో ఖుర్ఆన్ కంఠస్థం చేసినవాళ్లు ఎందరో పోయారు. ఆ నష్టం చూసే ఉమర్ పట్టుబట్టగా అబూబక్ర్ జైద్ ఇబ్న్ సాబిత్‌కు ఖుర్ఆన్ సేకరణ అప్పగించారు.

7. కృష్ణాతీరం

> దాన్ని ఒప్పుకోకపోవడమే కాదు

ఇక్కడ ఒక్క మాట అడ్డం వేస్తాను. ప్రవక్త జవాబు ఇలా ఉంది: ‘అల్లాహ్ ప్రవక్త ముహమ్మద్ నుంచి అబద్ధాలకోరు ముసైలమాకు. భూమి అల్లాహ్‌ది, తన దాసుల్లో తాను కోరినవారికి ఇస్తాడు, చివరి ఫలితం భక్తులదే.’ ఇది 7:128 మాట, 33:40 కాదు. ‘నా తర్వాత ఎవరూ లేరు’ అనలేదు, ‘నువ్వు అబద్ధాలకోరువి’ అన్నారు. కాబట్టి ఆ యుద్ధం ముసైలమా అబద్ధీకుడన్న నమ్మకాన్ని రుజువు చేస్తుంది. ‘ఇక ఎవరు రావడమూ అసాధ్యం’ అన్న సిద్ధాంతాన్ని అదొక్కటే రుజువు చేయదు. పైగా రిద్దా యుద్ధాలన్నీ (ప్రవక్త మరణం తర్వాత తిరగబడ్డ తెగలతో జరిగినవి) ప్రవక్తత్వం మీద కావు. జకాత్ (విధిదానం) ఇవ్వం అన్నవాళ్లతో కూడా జరిగాయి. ‘ఒంటె కాలికి కట్టే తాడు ఆపినా పోరాడతాను’ అని అబూబక్ర్ అన్నది వాళ్ల గురించే.

8. హిజ్రీ_11

జకాత్ సంగతి సరే, రెండు రకాలనూ కలిపి చెప్పడం తప్పే. లేఖ గురించి మీ మాటా ఒప్పుకుంటాను: ఆయతు ఎత్తలేదు. కానీ ముసైలమా ముహమ్మద్‌ను ఒప్పుకుంటూనే వాటా అడిగాడు. మూసా, హారూన్ ఒకే కాలపు ప్రవక్తలని ఖుర్ఆనే చెబుతుంది, కనుక జంట ప్రవక్తలన్న ఊహ ఆ జనానికి కొత్త కాదు. తర్వాత వేరే తెగల్లో లేచినవాళ్లలో ఒక్కరి విషయంలోనైనా ‘ఇతను నిజమైనవాడేమో పరీక్షిద్దాం’ అన్న చర్చ మదీనాలో జరిగినట్టు కనిపించదు. ఆ నిశ్శబ్దాన్ని కూడా సాక్ష్యంగా లెక్కించాలి.

9. పాతబస్తీ_కితాబ్

యుద్ధాల కంటే ఒక ఏడుపు ఎక్కువ చెబుతుందని నా అభిప్రాయం. ప్రవక్త పోయాక అబూబక్ర్, ఉమర్ కలిసి ఉమ్మె ఐమన్‌ను చూడటానికి వెళ్లారు. చిన్నప్పుడు ప్రవక్తను సాకిన ఆవిడ. ఏడుస్తోంది. ‘అల్లాహ్ దగ్గర ఉన్నదే ఆయనకు మేలు కదా’ అని ఓదార్చారు. ‘అది తెలియక కాదు, ఆకాశం నుంచి వహీ తెగిపోయిందని ఏడుస్తున్నాను’ అంది. ఇద్దరూ ఆమెతో పాటు ఏడ్చారు. ముస్లిం సంకలనంలో ఉంది.

అక్కడ సిద్ధాంతం లేదు, ఆయతు పేరు లేదు. వహీ ఆగింది, మళ్లీ రాదు అన్న ఎరుక మాత్రం ఉంది. అలీ కూడా ప్రవక్త పార్థివదేహానికి స్నానం చేయిస్తూ ‘ఇతరుల మరణంతో తెగనిది మీ మరణంతో తెగిపోయింది’ అన్నారని నహ్జుల్ బలాగాలో ఉంది.

10. సనద్

నల్లమల_చదువరి గారు అడిగిన ఆయిషా గారి మాట మిగిలిపోయింది. అది ఇబ్న్ అబీ షైబా (మరణం హిజ్రీ 235) ముసన్నఫ్ అనే హదీసు సంకలనంలో ఉంది. ఎవరో కల్పించి అంతర్జాలంలో పెట్టింది కాదు. అయితే చదివేటప్పుడు మూడు పనులు చేయాలి.

ముందు గొలుసు చూడాలి. ముద్రిత ప్రతుల్లో జరీర్ ఇబ్న్ హాజిమ్ నేరుగా ఆయిషా నుంచి చెబుతున్నట్టు ఉంది. ఆయిషా దాదాపు హిజ్రీ 58లో పోయారు, జరీర్ 170లో. కలిసే వీలే లేదు, మధ్యలో కనీసం ఒకరు జారిపోయారు.

తర్వాత ఆ పుటలోనే ఉన్న పక్క రివాయతు చదవాలి. ప్రవక్త సహచరుడు ముగీరా ఇబ్న్ షుఅబా ఎదుట ఒకతను ‘ఖాతముల్ అంబియా (ప్రవక్తల ముద్ర), ఆయన తర్వాత ప్రవక్త లేడు’ అంటే, ముగీరా ‘ఖాతముల్ అంబియా అంటే చాలు. ఈసా (యేసు) వస్తారని మాకు చెప్పేవారు. ఆయన వస్తే ముందూ ఆయనే ఉన్నట్టు, తర్వాతా ఆయనే ఉన్నట్టు’ అన్నారు. దీని గొలుసులోనూ ముజాలిద్ అనే బలహీనమైన రావీ ఉన్నాడు. కానీ ఆ అభ్యంతరం దేని గురించో ఇది స్పష్టంగా చెబుతోంది: ఈసా పునరాగమనం. కొత్త ప్రవక్తల రాక కాదు.

మూడో పని, సిద్ధాంతకర్తలు ఈ ముడిని ఎలా విప్పారో చూడటం. ఖుర్ఆన్ వ్యాఖ్యాత జమఖ్షరీ సూటిగా రాశారు: ఆయన తర్వాత ఎవరికీ కొత్తగా ప్రవక్తత్వం ఇవ్వబడదు, ఈసాకు అది అంతకుముందే ఇవ్వబడింది, దిగి వచ్చినప్పుడు ముహమ్మద్ షరీఅత్ (ధర్మశాసనం) ప్రకారమే నడుస్తారు. ఇస్లాంలో ముగింపు అంటే ప్రవక్త పదవి ఇవ్వడం ఆగిందని. ఎవరు ఎక్కువ కాలం బతికి ఉంటారన్న లెక్క కాదు.

11. నల్లమల_చదువరి

సనద్ భాయ్, ఇది తేటగా ఉంది, చాలా సంతోషం. ఒక చిన్న సందేహం: ఆయతులో ‘రసూల్’ అని ఒకసారి, ‘నబియ్యీన్’ (నబీలు, అంటే ప్రవక్తలు) అని ఒకసారి ఉంది. నబీలు ఆగారు గానీ రసూల్ రావచ్చు అనే వాదనకు చోటుందా?

12. సర్ఫ్‌నహ్వ్

లేదు. పండితుల నిర్వచనంలో నబీ విశాలమైన వృత్తం, రసూల్ దాని లోపలిది. రసూల్ అయినవాడు నబీ కాక తప్పదు. పెద్ద తలుపు మూస్తే లోపలి గదికి దారి ఉండదు. ‘ఖాతముర్రుసుల్’ అని ఉండి ఉంటే మీ సందేహానికి చోటుండేది.

13. కృష్ణాతీరం

అయినా ఆ తలుపు తట్టినవాళ్లు తొలి రెండు శతాబ్దాల్లో ఉన్నారు, ఆ పేర్లు దాచకూడదు. కూఫాను 685-687లో ఏలిన ముఖ్తార్ తన దగ్గరికి వహీ తెచ్చే దేవదూత జిబ్రీల్ వస్తాడన్నాడని ప్రత్యర్థులు ఆరోపించారు. అబూ మన్సూర్ అల్ ఇజ్లీ రసూళ్ల రాక ఎన్నటికీ ఆగదన్నాడని మతశాఖల చరిత్రకారులు రాశారు. ఖారిజీలనే తొలినాటి శాఖలో యజీద్ ఇబ్న్ ఉనైసా అనుచరులు అరబ్బేతరుల నుంచి ఒక రసూల్ కొత్త గ్రంథంతో వచ్చి ఈ షరీఅత్‌ను రద్దు చేస్తాడని ఎదురుచూశారని సిద్ధాంతకర్త అష్అరీ నమోదు చేశారు. ఇవన్నీ ప్రత్యర్థుల కలాల నుంచి వచ్చినవే, ఆ జాగ్రత్త ఉండాలి. ఇలాంటివి వచ్చినకొద్దీ ముగింపును అకీదాలో (విశ్వాస సిద్ధాంతంలో) ఒక్కో మాటా చెక్కి చెప్పాల్సి వచ్చింది. 735 ప్రాంతంలో చనిపోయిన వ్యాఖ్యాత ఖతాదా ఒక్క మాటతో సరిపెట్టారు: ‘ఆఖిరుహుమ్’, వాళ్లలో చివరివాడు. తబరీ (మరణం 923) ‘ప్రవక్తత్వానికి ముద్ర వేశారు, ప్రళయం దాకా ఎవరికీ తెరవబడదు’ అని విస్తరించారు. తహావీ (మరణం 933) అకీదాలో ‘ఆయన తర్వాత ప్రవక్తత్వం చెప్పుకోవడమన్నది ప్రతిదీ మార్గభ్రష్టత, మనోవాంఛ’ అని తీర్పుగా చెప్పారు. ఖతాదా అర్థం చెబుతున్నారు, తహావీ హద్దు గీస్తున్నారు. నేను ‘స్థిరపడింది’ అన్నది ఈ మార్పు గురించే.

14. హిజ్రీ_11

ఇలా చెబితే నాకు అభ్యంతరం లేదు. అర్థం మొదటిది, హద్దు తర్వాతిది.

15. పాతబస్తీ_కితాబ్

తెలుగు మాట దగ్గరికి వద్దాం, మొదటి ప్రశ్న అదే కదా. ‘అంతిమ ప్రవక్త’ వాడుకలో పాతుకుపోయింది, అర్థమూ తప్పు కాదు. కానీ అందులో ఉంగరం లేదు, మట్టి ముద్ద లేదు, ఇంతకుముందు వచ్చిన తౌరాత్ (తోరా), ఇంజీల్ (సువార్త)లను ధ్రువీకరించడం లేదు. ‘ప్రవక్తల ముద్ర’ అని ఊరుకుంటే చదివేవాళ్లకు బిరుదులా ఉంటుంది, మూసివేత వినిపించదు. అదీకాక ‘ఖాతమున్నుబువ్వా’ అని ప్రవక్త భుజాల మధ్య ఉన్న పావురం గుడ్డంత గుర్తుకు కూడా పేరు. అనువాదంలో ఒట్టి ‘ముద్ర’ పెడితే ఈ రెండూ కలిసిపోతాయి.

ఆయతుకు ‘ప్రవక్తల పరంపరకు ముగింపు ముద్ర’ అని రాసి, కింద అడుగున ‘ఖాతమ్, ఖాతిమ్ రెండు పఠనాలు’ అని ఒక వరుస వేస్తే సరిపోతుంది. ‘పురుషులలో’ అన్న మాటను మాత్రం తీసేయకండి. ‘ఎవరికీ తండ్రి కాడు’ అని కుదించి రాస్తే ఫాతిమా తండ్రి అన్న సంగతే ఎగిరిపోతుంది.

16. నల్లమల_చదువరి

‘ముగింపు ముద్ర’ తీసుకుంటున్నాను. అడుగున పఠనాల వరుసతో పాటు 83:26 కూడా వేస్తాను.